డిగ్రీ చేతిలో లేదు, దేశం చూడాలని ఉంది: నిర్ణయించుకునే ముందు చేయవలసిన పనులు

తిరుపతి రైల్వే స్టేషన్ ఎదుటి వీధిలో నాకొక చిన్న టికెట్ల కౌంటర్ ఉంది. రైలు, బస్సు టికెట్లు తీస్తాను. కాశీ, గయ వెళ్లే పెద్దవాళ్లకు బస కుదురుస్తాను. ఆ పనుల మధ్య వారానికి ఒకరైనా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటారు. వయసు పందొమ్మిదో, ఇరవై రెండో ఉంటుంది. "అక్కా, చదువు మీద మనసు నిలవడం లేదు. డిగ్రీ పక్కన పెట్టి ఒక ఏడాది దేశం తిరిగి రావాలని ఉంది. వెళ్లమంటారా?"

నేను వెంటనే జవాబు చెప్పను. పదో తరగతి మెమో ఎక్కడుందని అడుగుతాను. చాలామంది తడుముకుంటారు. కాలేజీలో ఉందేమో, ఇంట్లో బీరువాలో ఉందేమో అంటారు. ముందు ఆ కాగితం ఎక్కడుందో తెలుసుకుని రమ్మని పంపిస్తాను. మళ్లీ వచ్చినవాళ్లతోనే మిగతా మాటలు.

ఇలా అడగడానికి కారణం నా కథే. 2010లో బి.యస్సీ. రెండో ఏడాదిలో నాకు గణితంలో రెండు పేపర్లు పోయాయి. మా నాన్న దామలచెరువు మామిడి మండీలో కాటా దగ్గర పనిచేసేవారు. ఆయనకు ఆ సంగతి చెప్పలేక చదువే ఆపేశాను. ఆ తరువాత తిరుపతిలో పిన్ని ఇంట్లో ఉంటూ, బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో పద్నాలుగు నెలలు రిసెప్షన్‌లో పనిచేశాను. కూడబెట్టిన డబ్బుతో 2012 నవంబరులో బయలుదేరి, 2013 మే నెల మధ్యలో తిరిగి వచ్చాను. ఆ ఆరు నెలలు నాకు ఎంతో మేలు చేశాయి. ఇవాళ నేను చేస్తున్న పని అప్పుడు నేర్చుకున్నదే. డిగ్రీ మాత్రం 2020లో, నాకు 30 ఏళ్లు వచ్చాక చేతికందింది. తిరిగినందుకు నేను నష్టపోలేదు. వచ్చిన మర్నాటి నుంచి ఏం చేయాలో రాసిపెట్టుకోకుండా వెళ్లినందుకు నష్టపోయాను. కాబట్టి మీరు వెళ్లే రోజు కంటే ముందు, వచ్చే రోజును నిర్ణయించుకోండి. నేను చెప్పేవన్నీ ఆ రోజు చుట్టూ తిరిగేవే.

మీరు ఎక్కడ నిలబడి ఉన్నారో చూసుకోండి

ఇంటర్ పాసై ఇంకా ఎక్కడా చేరనివాళ్లకు నిర్ణయం తేలిక. ఒక ఏడాది ఆలస్యంగా చేరినా పెద్దగా పోయేదేమీ లేదు. ఇంటర్ కూడా పూర్తికాకపోతే మాత్రం ఆ పరీక్షలు రాసేదాకా ఆగండి. ఈ మాట గట్టిగానే చెబుతాను. ఎందుకంటే తరువాత తెరుచుకునే తలుపులన్నీ ఇంటర్ మెమో చూశాకే తెరుచుకుంటాయి.

డిగ్రీ బాగానే సాగుతూ మధ్యలో విరామం కావాలనుకునేవాళ్లు కాలేజీ కార్యాలయంలో మూడు ప్రశ్నలు అడగాలి. ఏడాది ఆగితే అదే కోర్సులో మళ్లీ చేర్చుకుంటారా? ఫీజు రీయింబర్స్‌మెంట్ కొనసాగుతుందా? నా క్రెడిట్లు, అంటే పాసైన సబ్జెక్టులకు వచ్చే పాయింట్లు, వాటిని దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఆన్‌లైన్ ఖాతాలో జమ అయ్యాయా? 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం మొదటి ఏడాది పూర్తిచేసి ఆగితే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా ఇచ్చి, మళ్లీ చేరే వీలు కల్పించాలి. బ్యాంకులో జమైన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్ల వరకు చెల్లుతాయి. మీ కాలేజీలో ఇది ఎంతవరకు అమలవుతోందో నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా తెలుసుకోండి. ఏడాది మధ్యలో వదిలి వెళ్లకండి. సెమిస్టర్ పరీక్షలు రాసి, ఫలితం వచ్చాక కదలండి.

ఇక మూడో రకం, అంటే నాలాంటివాళ్లు. పేపర్లు పోయాయి, ఇంట్లో చెప్పలేదు, తోటివాళ్ల ముఖం చూడలేరు. ఆ స్థితిలో రైలు కూత వింటే ప్రాణం లేచివస్తుంది. ఆ ఆరాటం నాకు తెలుసు, దాన్ని నేను తక్కువ చేయను. అయినా మీకు చెప్పేది ఒకటే. ఆ పేపర్ల సంగతి ఇంట్లో చెప్పి వెళ్లండి. హంపిలో తుంగభద్ర ఒడ్డున కూర్చున్నా నాకు ఆ రెండు పేపర్లే గుర్తుకొచ్చాయి. కాశీలో గుర్తుకొచ్చాయి. డార్జిలింగ్‌లో చలికి నిద్రపట్టని రాత్రి కూడా గుర్తుకొచ్చాయి. సప్లిమెంటరీ పరీక్షకు మరో ఆరు నెలలు ఆగి ఉంటే అవి పోయేవి. నేను తిరిగి వచ్చేసరికి సిలబస్ మారిపోయింది. పాత పేపర్లు రాయాలంటే ఎవరు చెబుతారో, ఏ పుస్తకం చదవాలో తెలియక వదిలేశాను. ఆ రెండు సబ్జెక్టుల కోసం మూడేళ్ల చదువంతా మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వచ్చింది. పోయిన పేపర్లు ఉన్నవాళ్లు ముందు పరీక్ష ఫీజు కట్టి, అవి రాసి, ఆ తరువాత టికెట్టు కొనండి. ఫలితం ఎలా వచ్చినా సరే, రాసి వెళ్లడం వేరు, రాయకుండా వెళ్లడం వేరు.

కాగితాలు

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టి.సి., కుల ధ్రువీకరణ పత్రం. వీటి అసలు ప్రతులు మీ ఇంట్లో ఉండాలి. ఫీజు బకాయి ఉందని కాలేజీలు అసలు ప్రతులు తమ దగ్గర ఉంచుకోవడం మనవైపు మామూలైపోయింది. అలా ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. మర్యాదగా ఆ సంగతి గుర్తుచేస్తూ ఒక అర్జీ రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. డిజీలాకర్‌లో ప్రతులు దింపి ఉంచుకోండి. ప్రయాణంలో అసలు ప్రతులను వెంట తీసుకువెళ్లవద్దు.

పాస్‌పోర్టు కూడా ఇప్పుడే తీసుకోండి. పాస్‌పోర్టు సేవా కేంద్రం తిరుపతిలోనే ఉంది. 36 పేజీల మామూలు పాస్‌పోర్టుకు రుసుము 1,500 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు. దరఖాస్తులో పదో తరగతి మెమో జతపరచడం మరిచిపోవద్దు. పది పాసైనట్టు రుజువు లేకపోతే ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు వస్తుంది. అంటే గల్ఫ్ దేశాలు, మలేషియా వంటి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేటప్పుడు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఒక్క మెమో జతచేయని కారణంగా తరువాత తిప్పలు పడినవాళ్లను మా వీధిలోనే చూశాను.

వయసు లెక్క

ఇరవైల్లో తిరగకపోతే ఇంకెప్పుడు తిరుగుతాం అని అందరూ అంటారు. నిజమే. కానీ ఇరవైల్లోనే మూసుకుపోయే తలుపులు కూడా ఉన్నాయి. వాటి కొలత ముందు తెలిస్తే భయం పోతుంది. ఒక తెల్ల కాగితం మీద ఇవాళ్టి మీ వయసు నుంచి 31 వరకు వరుసగా అంకెలు రాయండి. ఒక్కో అంకె పక్కన ఏది ముగుస్తుందో రాయండి.

కేంద్ర ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగాలకు ఇంటర్ అర్హతతో రాసే ఎస్.ఎస్.సి. సీహెచ్ఎస్ఎల్ పరీక్షకు వయసు సాధారణంగా 27 ఏళ్లు మించకూడదు. బ్యాంకు క్లర్కుకు డిగ్రీ ఉండాలి, వయసు 20 నుంచి 28. బ్యాంకు ఆఫీసరుకు 20 నుంచి 30. బి.సి.లకు మూడేళ్లు, ఎస్.సి., ఎస్.టి.లకు ఐదేళ్ల సడలింపు ఉంటుంది. మా కుటుంబానికి ఆ సడలింపు లేదు. నాకు డిగ్రీ వచ్చేనాటికి క్లర్కు పరీక్షకూ వయసు దాటింది. ఆరు నెలల ప్రయాణం నన్ను అంత దూరం వెనక్కి నెట్టలేదు. వచ్చాక 2013 నుంచి 2016 దాకా ఏ చదువులోనూ చేరకుండా గడిపిన మూడేళ్లు నెట్టాయి.

విదేశాలు చూడాలన్న కోరిక ఉంటే ఇంకో రెండు గీతలు గీయండి. బ్రిటన్‌లో రెండేళ్లు ఉండి పనిచేసుకునే యంగ్ ప్రొఫెషనల్స్ పథకం 18 నుంచి 30 ఏళ్లవాళ్లకు ఉంది. దానికి డిగ్రీ తప్పనిసరి. ఎంపిక లాటరీ ద్వారా. 2,530 పౌండ్లు ఖాతాలో చూపించాలి. అది 2023లో మొదలయ్యేసరికి నా వయసు 33. ఆస్ట్రేలియా 2024లో మనవాళ్లకు వర్క్ అండ్ హాలిడే వీసా తెరిచింది. ఏడాదికి వెయ్యి మందికి, అదీ లాటరీయే. ఇంటర్ తరువాత కనీసం రెండేళ్ల చదువు పూర్తయి ఉండాలి. చూడండి, దూరదేశంలో నిలబడి సంపాదించుకుంటూ తిరగాలంటే వయసూ ఉండాలి, చదువూ ఉండాలి. ఈ రెండూ ఒకే సమయంలో చేతిలో ఉండే ఏళ్లు మీ కాగితం మీద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. 19 ఏళ్లవాళ్లకు చాలా ఉంటాయి. 26 దాటినవాళ్లకు ప్రతి ఏడాదీ విలువైనదే.

మొదట మనదేశం చూడండి. నేపాల్‌కు ఓటరు కార్డుతో వెళ్లవచ్చు. భూటాన్‌కూ ఓటరు కార్డు చాలు. అయితే అక్కడ మనవాళ్లకు రాత్రికి 1,200 రూపాయల రుసుము ఉంది, కనుక ఎక్కువ రోజులు ఉండడం కష్టం.

పదిహేను రోజుల పరీక్ష

కాగితం మీద లెక్క కుదిరినా ఇంకా నిర్ణయం తీసుకోవద్దు. ముందు పదిహేను రోజులు వెళ్లి రండి. తిరుపతి నుంచి హుబ్బళ్లి వెళ్లే రైలు హోసపేట మీదుగా పోతుంది. జనరల్ బోగీలో ఎక్కండి. హంపిలో మూడు రోజులు, ఆ చుట్టుపక్కల మిగతా రోజులు. చేతిలో పదివేలు మించకూడదు. స్నేహితులు వద్దు, ఒంటరిగా వెళ్లండి. బట్టలు మీరే ఉతుక్కోండి. ఏ పూట ఎక్కడ తిన్నారో, ఎంతయిందో పుస్తకంలో రాయండి.

నాలుగో రోజు మొదటి సంబరం తగ్గుతుంది. తొమ్మిదో రోజుకు ఒంటరితనం పట్టుకుంటుంది. నాకు అలాగే జరిగింది, నేను పంపిన పిల్లల్లో చాలామంది కూడా అదే చెప్పారు. పన్నెండో రోజున మీరేం చేస్తున్నారో చూసుకోండి. కొత్త ఊళ్లో మార్కెట్టుకు వెళ్లి కూరగాయల ధరలు అడుగుతున్నారా, గదిలో ఫోను చూస్తూ పడుకున్నారా? గదిలోనే ఉండిపోయినవాళ్లు ఇంటికి వచ్చి కొన్నాళ్లు ఆగడం మంచిది. అది తప్పేమీ కాదు. వాళ్లకు కావలసింది విశ్రాంతి. అది దామలచెరువులో చింతచెట్టు కింద కూడా దొరుకుతుంది.

డబ్బు మూడు మూటలు

నేను వెళ్లేటప్పుడు నా దగ్గర 36,000 రూపాయలు ఉన్నాయి. అంతా ప్రయాణానికే పెట్టుకున్నాను. తిరిగి వచ్చిన రోజు చేతిలో 740 రూపాయలు మిగిలాయి. వచ్చిన వారానికే ఏ పని దొరికితే ఆ పనిలో చేరవలసి వచ్చింది. చదువు గురించి ఆలోచించే తీరిక లేకపోవడానికి అదే మూలం.

మీరు మూడు మూటలు కట్టండి. ఒకటి దారి ఖర్చు. ఇప్పటి ధరల్లో పొదుపుగా తిరిగినా నెలకు 15,000 కావాలని నా అంచనా. రెండోది తిరిగి వచ్చాక రెండు నెలలు ఇంట్లో ఎవరినీ అడగకుండా గడిచే డబ్బు. మూడోది పరీక్ష ఫీజు లేదా కొత్త కోర్సు ఫీజు. రెండో మూటనూ మూడో మూటనూ పోస్టాఫీసులో వేసి పుస్తకం అమ్మకు ఇవ్వండి. ఈ మూడూ నిండేదాకా పనిచేయండి. అమ్మ పేరున డ్వాక్రా సంఘంలో తీసిన అప్పుతో గానీ, చెల్లెలి పెళ్లికి కడుతున్న చీటీ పాడి గానీ బయలుదేరవద్దు. మీ ప్రయాణం భారం వాళ్ల వాయిదాల మీద పడకూడదు.

పని ఎంచుకునేటప్పుడు భాష నేర్పే పని చూడండి. తిరుపతిలో పుట్టినవాళ్లకు ఇది వరం. లాడ్జి రిసెప్షన్‌లో నిలబడితే పొద్దున తమిళం, మధ్యాహ్నం కన్నడం, రాత్రి హిందీ, మరాఠీ వినబడతాయి. వేడినీళ్లు ఎప్పుడు వస్తాయి, కొండకు బస్సు ఎక్కడ, తలనీలాలు ఎక్కడ ఇస్తారు అని రోజుకు వంద సార్లు అడుగుతారు. పద్నాలుగు నెలల్లో నాకు హిందీ అలా వచ్చింది. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన, 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామి మన తిరుపతి మీదుగానే వెళ్లారు. ఆయన వృత్తి దుబాసీ, రెండు భాషల మధ్య నిలబడి మాట అందించే పని. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు. అంత దూరపు దారిలో భాష తెలిసినవాడికి ఎంత బలమో ఆ ప్రయాణమే సాక్ష్యం. డిగ్రీ లేనివాళ్ల చేతిలో ఉండే మొదటి పనిముట్టు కూడా భాషే.

అది నాకు కాశీలో అన్నం పెట్టింది. 2013 జనవరి నుంచి మార్చి దాకా ప్రయాగలో మహా కుంభమేళా. కాశీకి మనవాళ్లు వేలల్లో వచ్చారు. కేదార్ ఘాట్ దగ్గర తెలుగువాళ్లు నడిపే చిన్న బసలో నన్ను రెండు నెలలు ఉంచుకున్నారు. భోజనం, పడక, రోజుకు 150 రూపాయలు. పడవవాళ్లతో బేరం, పెద్దవాళ్లను మందుల దుకాణానికి తీసుకువెళ్లడం, రైలు ఆలస్యమైతే వాళ్లకు ధైర్యం చెప్పడం, ఇదే పని. ఇవాళ నా కౌంటర్‌కు వచ్చే యాత్రికులకు నేను చేసేది కూడా అదే.

ఇంట్లో ఎలా చెప్పాలి

"నాన్నా, నేను తిరగడానికి వెళ్తాను" అంటే ఏ తండ్రీ ఒప్పుకోడు. తేదీ చెప్పండి. నేను మా నాన్నతో, "తోతాపురి కాయ మండీకి వచ్చే లోపు ఇంట్లో ఉంటాను, సీజన్‌లో కాటా లెక్కలు నేనే రాస్తాను" అన్నాను. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "మాట తప్పకు" అన్నారు. ఆ ఒక్క మాట నన్ను మే నెలలో రైలెక్కించింది. లేకపోతే ఇంకో నెల, ఇంకో ఊరు అనుకుంటూ ఉండిపోయేదాన్ని.

రోజూ ఒకే వేళకు ఒకరికి ఫోను చేయండి. ఇందులో నేను చేసిన తప్పు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. 2013 ఫిబ్రవరి 10, మౌని అమావాస్య. ఆ సాయంత్రం అలహాబాద్ స్టేషన్‌లో తొక్కిసలాట జరిగి 36 మంది చనిపోయారు. నేను కాశీలో పనిలో మునిగి రెండు రోజులుగా ఇంటికి ఫోను చేయలేదు. ఛార్జింగ్ అయిపోయినా పట్టించుకోలేదు. మా అమ్మ టీవీలో ఆ వార్త చూస్తూ తెల్లవారేదాకా కూర్చుంది. మర్నాడు మధ్యాహ్నం నా గొంతు వినగానే ఆమెకు మాట రాలేదు. అప్పటి నుంచి రాత్రి 8 గంటలకు, ఎక్కడున్నా సరే, ఒక్క నిమిషమైనా మాట్లాడేదాన్ని.

ఆడపిల్లలకు కొన్ని మాటలు. దూరపు మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్లలో స్లీపర్‌లో ఒంటరిగా వెళ్లే మహిళలకు ఆరు బెర్తుల కోటా ఉంటుంది. టికెట్టు తీసేటప్పుడు మహిళల కోటా అని అడగండి. కొత్త ఊరికి పగటిపూట చేరే రైలునే ఎంచుకోండి. నడిరాత్రి దిగవలసి వస్తే తెల్లవారేదాకా వెయిటింగ్ హాల్లోనే ఉండండి. రైల్లో ఇబ్బంది వస్తే 139, బయట 112. పెళ్లి సంబంధాల గురించి ఇంట్లో ఒత్తిడి ఉంటే, తిరిగి వచ్చే తేదీతో పాటు చదువు ముగిసే తేదీ కూడా చెప్పండి. రెండు తేదీలు ఉంటే పెద్దవాళ్లు వింటారు. ఒక్క తేదీ కూడా లేకపోతే వాళ్లే ఏదో ఒక ముహూర్తం పెడతారు.

గల్ఫ్ ప్రయాణం వేరు

కొందరు దేశం తిరగడం, కువైట్ వెళ్లడం ఒకటే అనుకుని వస్తారు. సంపాదనకు వెళ్లేవాళ్లు ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడాలి. అతడు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. విజిట్ వీసా మీద పంపి అక్కడ పని చూపిస్తామంటే వెళ్లవద్దు. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఉన్న ముప్పై ఏళ్ల లోపు ఆడవాళ్లను ఆ దేశాలకు పనికి పంపడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఏ ఏజెంటైనా కుదురుస్తానంటే అతడు చెప్పేది అబద్ధం.

వచ్చాక చదువు

మళ్లీ కాలేజీ బెంచి మీద కూర్చోలేననుకునేవాళ్లకు ఇగ్నో అనే దూరవిద్య విశ్వవిద్యాలయం ఉంది. జనవరిలో, జూలైలో రెండుసార్లు చేర్చుకుంటారు. మూడేళ్ల బి.ఏ.ను గరిష్ఠంగా ఆరేళ్లలో ముగించవచ్చు. నేను 2016లో చేరాను. కౌంటర్‌లో జనం లేని వేళ అసైన్‌మెంట్లు రాసుకునేదాన్ని. మీరు బయలుదేరే ముందే ఏ నెలలో చేరతారో నిర్ణయించి, మూడో మూట మీద ఆ నెల పేరు రాయండి. జూలై అని రాస్తే జూన్ మొదటి వారానికి ఇంట్లో ఉండాలి.

టికెట్టు

ఇవన్నీ చూసుకున్నాక ఇంకా వెళ్లాలనే ఉంటే, వెళ్లండి. మనస్ఫూర్తిగా చెబుతున్నాను. 500 కిలోమీటర్లు మించిన టికెట్టు మీద, ఆ 500 దాటాక మధ్యలో ఒక స్టేషన్‌లో దిగి రెండు రోజులు ఆగవచ్చు. 1,000 కిలోమీటర్లు మించితే రెండుసార్లు ఆగవచ్చు. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చేలా, దారిలో ఎనిమిది చోట్ల ఆగేలా సర్క్యులర్ జర్నీ టికెట్టు కూడా రైల్వే ఇస్తుంది. మొత్తం దూరాన్ని సగం సగం చేసి రెండు ప్రయాణాలుగానే ఛార్జీ లెక్కగడతారు కనుక విడివిడిగా కొన్నదానికంటే తక్కువ పడుతుంది. దీని గురించి అడిగేవాళ్లే తక్కువ.

గత నెల పాకాల నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు మెమోలు తెచ్చి చూపించాడు, పోయిన ఒక పేపరు రాసేశాడు, పదిహేను రోజులు హంపి, బాదామి తిరిగి వచ్చాడు. అతడికి కాశీ టికెట్టు తీసి ఇచ్చి, ఫోనులో ఒక రోజు గుర్తుపెట్టించాను. రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. అతడు రేణిగుంటలో దిగాలనుకున్న తేదీకి వెనక్కి లెక్కపెడితే ఆ రోజు వస్తుంది. ఆ ఉదయం 8 గంటలకు అతడు ఎక్కడున్నా సరే, తిరుగు టికెట్టు తీయమని నాకు ఫోను చేయాలి.